నిరాశ్రయతను అంతం చేసే జాతీయ వ్యూహం: టికియాపారా చెప్పే చరిత్ర

నిరాశ్రయత నివారణకు జాతీయ వ్యూహం అంటే కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు మూడూ ఒకే లక్ష్యానికి, ఒకే గడువుకు కట్టుబడి వేసుకునే ప్రణాళిక. జనం గూడు కోల్పోకుండా చూడటం, కోల్పోయినవారికి స్థిరమైన నివాసం కల్పించడం దాని పని. భారతదేశంలో అలాంటి సమగ్ర వ్యూహం ఇంకా రూపుదాల్చలేదు. కోర్టు తీర్పులు, నైట్ షెల్టర్లు, గృహ నిర్మాణ పథకాలు, బస్తీల చట్టాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు శాఖల కింద పుట్టి దేని దారిన అది నడిచాయి. కోల్‌కతా మహానగర ప్రాంతంలో, హుగ్లీ నదికి పడమటి గట్టున ఉన్న హౌరా నగరంలోని టికియాపారా నుంచి ఈ చరిత్రను చూస్తే రెండు సంగతులు తేటపడతాయి. పేదవాడు రోడ్డున పడకుండా ఎక్కువ కాలం కాపాడింది షెల్టర్ కాదు, కౌలు భద్రత ఇచ్చిన చట్టం. ఆ చట్టం చేరలేని చోట, ముఖ్యంగా రైల్వే భూమి మీద, రాష్ట్రం గానీ కార్పొరేషన్ గానీ ఒంటరిగా చేయగలిగింది తక్కువ. అందుకే వ్యూహం జాతీయ స్థాయిలో ఉండి తీరాలి.

భూమి ఎవరిది

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే ఆగ్నేయ రైల్వే మార్గంలో మొదటి స్టేషన్ టికియాపారా. స్టేషన్ దగ్గరే లోకల్ రైళ్ల కార్‌షెడ్ ఉంది. ఈ ప్రాంతం గుండా పోయే బెలిలియస్ రోడ్డు చిన్న చిన్న లేత్ వర్క్‌షాపులకు, ఇనుప పనులకు పేరుపడింది. పని దొరికే చోటికి దగ్గరగా, నడిచి పోగలిగినంత దూరంలో బతకాలనుకునే కూలీల అవసరమే ఇక్కడి బస్తీలకు మూలం. అయితే కాలి కింది నేల ఒక్కరిది కాదు. పట్టాల పక్క నేల రైల్వేది, అంటే కేంద్రానిది. బస్తీల్లో చాలా భాగం ఠికా అనే కౌలు ఏర్పాటు కిందున్న భూమి. దాని మీద అధికారం రాష్ట్రానిది. వీధి, నల్లా, మురుగుకాలువ హౌరా కార్పొరేషన్ బాధ్యత. ఒక కుటుంబం నాలుగు అడుగులు జరిగితే దాని చట్టపరమైన స్థితే మారిపోతుంది. ఠికా గదిలో ఉన్నంతకాలం ఆ కుటుంబం అద్దెదారు. కాలిబాట మీదికి వస్తే జనగణన లెక్కలో ఇల్లులేనిది. పట్టాల పక్కకు చేరితే ఆక్రమణదారు.

ఠికా ఏర్పాటు కోల్‌కతా, హౌరా నగరాలకు ప్రత్యేకమైనది. భూస్వామి దగ్గర నేలను కౌలుకు తీసుకున్న ఠికా కౌలుదారు దాని మీద పెంకుటి గుడిసెలు వేసి, వాటిలోని గదులను ‘భాడాటియా’లు అనే అద్దెదారులకు ఇచ్చేవాడు. ఒక నడవ, ఒక ఉమ్మడి కొళాయి, నాలుగైదు కుటుంబాలకు ఒకే మరుగుదొడ్డి, మనిషి కాలు చాపితే గోడ తగిలే గది. సదుపాయంగా చూస్తే ఇది హీనమైనదే. కానీ తల మీద కప్పు, తలుపుకు గొళ్లెం, ఉత్తరం అందే చిరునామా ఉన్నాయి. 1949 నాటి ఠికా కౌలుదారీ చట్టం ఇష్టం వచ్చినట్టు ఖాళీ చేయించడానికి అడ్డుకట్ట వేసింది. 1981 చట్టం కోల్‌కతా, హౌరాల్లోని ఠికా భూములను రాష్ట్రానికి దఖలుపరచి, మధ్యలో ఉన్న భూస్వామిని తప్పించింది. ఆ చట్టం స్థానంలో 2001లో కొత్త చట్టం వచ్చింది. 1970లో ఏర్పడిన కలకత్తా మహానగర అభివృద్ధి సంస్థ బస్తీలను పడగొట్టే బదులు ఉన్నచోటే కొళాయిలు, మరుగుదొడ్లు, వీధిదీపాలు, రాతి సందులు సమకూర్చే పని చేపట్టింది. వీటిలో దేనికీ నిరాశ్రయత నివారణ అని పేరు లేదు. చేసిన పని మాత్రం అదే.

శిక్ష నుంచి హక్కు దాకా

ఇల్లులేనివారి పట్ల ప్రభుత్వపు తొలి స్పందన శిక్షే. 1943 కరవులో ఆకలితో పల్లెలు వదిలి కలకత్తా వీధుల్లోకి వచ్చిన జనం మధ్య బెంగాల్ వేగ్రన్సీ చట్టం వచ్చింది. బిచ్చమెత్తేవారిని పోలీసులు పట్టుకుని ప్రత్యేక గృహాలకు పంపే అధికారం ఇచ్చింది. బొంబాయి 1959లో ఇలాంటి చట్టమే తెచ్చింది. తెలుగువారి రాష్ట్రంలో యాచక నిరోధక చట్టం 1977లో వచ్చింది. ఢిల్లీకి వర్తించే బొంబాయి చట్టంలోని నేరారోపణ నిబంధనలను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసే దాకా పేదరికాన్ని నేరంగా చూసే ఆలోచనకు గట్టి దెబ్బ తగల్లేదు.

దీనికి సమాంతరంగా మరో ధోరణీ ఉంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి సియాల్దా ప్లాట్‌ఫారాల మీద, ఖాళీ జాగాల్లో తలదాచుకున్న శరణార్థులను ఖాళీ చేయించాలని ప్రభుత్వం చూసినప్పుడు వారు సంఘటితమై పోరాడారు. ప్రత్యామ్నాయం చూపకుండా కదిలించరాదన్న సూత్రం అక్కడ బలపడింది. ఆక్రమణ కాలనీలుగా మొదలైనవి కాలక్రమంలో నగరపు పేటలయ్యాయి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఫుట్‌పాత్ వాసులను నోటీసు ఇచ్చి తొలగించడానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. హక్కును గుర్తించి, ఆశ్రయాన్ని మాత్రం పరిపాలకుల దయకు వదిలేసిన ఈ తీర్పు తర్వాతి విధానాలన్నిటి మీదా తన ముద్ర వేసింది.

షెల్టర్ల కాలం

ఐక్యరాజ్యసమితి 1987ను నిరాశ్రయుల ఆశ్రయ సంవత్సరంగా ప్రకటించిన మరుసటి ఏడాది నుంచే కేంద్రం ఫుట్‌పాత్ వాసుల కోసం నైట్ షెల్టర్ల పథకం నడిపింది. పేర్లు మారుతూ వచ్చిన ఆ పథకం 2005 నాటికి ఆగిపోయింది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక షెల్టర్‌ను కూల్చేయడంతో విషయం ఆహార హక్కు కేసు ద్వారా సుప్రీంకోర్టుకు చేరింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా, రాత్రీ పగలూ తెరిచి ఉండాలని 2010లో కోర్టు ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఈ ప్రమాణాన్ని తన షెల్టర్ పథకంలో చేర్చి, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలంది. అంటే ఒక మంచం, ఒక పెట్టె, అటూ ఇటూ నడవడానికి సందు. 2011 జనగణనలో హౌరా జనాభా పది లక్షలు దాటింది కనుక ఈ లెక్కన అక్కడ కనీసం పది షెల్టర్లు ఉండాలి. నిధులున్నా ఖర్చు కావడం లేదని గమనించిన సుప్రీంకోర్టు 2016లో జస్టిస్ కైలాష్ గంభీర్ నేతృత్వంలో కమిటీ వేయవలసి వచ్చింది.

షెల్టర్ వల్ల ప్రాణాలు నిలుస్తాయి. దాని విలువను తక్కువ చేయకూడదు. కోల్‌కతాలోని చెట్లాలో ఈశ్వర సంకల్ప సంస్థ 2010 నుంచి మానసిక అనారోగ్యంతో వీధిన పడిన మహిళల కోసం నడుపుతున్న ‘సర్బరి’ షెల్టర్ ఇందుకు ఉదాహరణ. మంచంతో పాటు వైద్యం, తోడు దొరికితే మనిషి కోలుకుంటుంది. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రుల దగ్గర రోగుల బంధువుల కోసం ఏర్పాటైన షెల్టర్లూ అవసరం ఎక్కడుందో చూసి పెట్టినవే. కానీ షెల్టర్ నుంచి ఇంటికి దారి లేకపోతే అది మజిలీగా ఉండదు, గమ్యమైపోతుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం ఎక్కువగా సొంత జాగా గానీ, రుణం తీర్చే స్తోమత గానీ ఉన్నవారిని చేరింది. ఫుట్‌పాత్ మీద బతికే రిక్షా కార్మికుడికి ఆ రెండూ లేవు. 2020లో తెచ్చిన అద్దె గృహ సముదాయాల పథకం వలస కార్మికుల అవసరాన్ని గుర్తించింది గానీ, అద్దె ఇళ్ల ఆలోచన ఇప్పటికీ సొంతింటి పథకాల నీడలోనే ఉంది.

లెక్కలు చెప్పేవి, దాచేవి

2001లో దేశంలో 19.4 లక్షల మంది ఇల్లులేనివారుంటే 2011లో 17.7 లక్షలకు తగ్గారు. ఇదే కాలంలో పట్టణాల్లో మాత్రం 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకు పెరిగారు. కోల్‌కతా నగరంలోనే దాదాపు 70 వేల మంది తేలారు. ఈ లెక్క 2011 ఫిబ్రవరి 28న ఒక్క రాత్రిలో తీసింది. రాత్రంతా మార్కెట్లో మూటలు దించే హమాలీ, పోలీసుకు భయపడి జాగా మార్చే కుటుంబం ఇలాంటి లెక్కకు దొరకడం కష్టం. అంతకన్నా పెద్ద లోపం మరొకటి. ఎంతమంది రోడ్డున ఉన్నారో అది చెబుతుంది. ఈ ఏడాది ఎంతమంది, ఏ కారణంతో రోడ్డున పడ్డారో చెప్పదు. నివారణకు కావలసింది ఆ రెండో లెక్కే.

అభ్యంతరాలు

షెల్టర్లు, ఇళ్లు ఇస్తే పల్లెల నుంచి మరింతమంది వచ్చిపడతారని ఒక వాదన. టికియాపారా చరిత్ర దీన్ని బలపరచదు. జనం ఇక్కడికి వచ్చింది రైలు, వర్క్‌షాపు, కూలి కోసం. ఏ ఆశ్రయమూ లేని రోజుల్లోనూ వచ్చారు. ఆక్రమణకు బహుమతి ఇవ్వడమే అవుతుందన్నది మరో అభ్యంతరం. ప్రజా భూమిని కాపాడాలన్నది న్యాయమైన మాటే. రైలు భద్రతకు పట్టాల పక్కన ఖాళీ ఉండాల్సిందే. కానీ ప్రత్యామ్నాయం లేకుండా ఖాళీ చేయిస్తే ఆ కుటుంబం మాయమవదు, పక్క కాలిబాటకు చేరుతుంది. సూరత్‌లో రైల్వే భూమి నుంచి తొలగించిన కుటుంబాలకు నెలకు 2,000 రూపాయల చొప్పున ఆరు నెలల దాకా సాయం చేయాలని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో ఆదేశించింది. మొత్తం చిన్నదే, కానీ ఖాళీ చేయించిన యంత్రాంగానికి బాధ్యత కూడా ఉంటుందన్న సూత్రం పెద్దది.

భూమి, స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో ఉన్నప్పుడు జాతీయ వ్యూహం రాష్ట్రాల అధికారంలో జోక్యం కాదా అన్నది బరువైన ప్రశ్న. రైల్వేలు కేంద్ర జాబితాలో ఉన్నాయన్నదే దీనికి జవాబు. పట్టాల పక్క కుటుంబం విషయంలో రాష్ట్రం ఎంత మంచి చట్టం చేసినా రైల్వేని కట్టడి చేయలేదు. జాతీయ వ్యూహం ముందుగా కట్టడి చేయాల్సింది రాష్ట్రాలను కాదు, కేంద్రం చేతిలోని భూములను. ఫిన్లాండ్‌ను ఉదాహరణగా చూపితే, అలాంటి చిన్న సంపన్న దేశంతో మనకు పోలికేమిటని కూడా అడుగుతారు. 1987లో సుమారు 18 వేలున్న నిరాశ్రయుల సంఖ్యను ఫిన్లాండ్ 2023 నాటికి 3,400 ప్రాంతానికి తెచ్చింది. 2008 నుంచి షెల్టర్లను అద్దె ఫ్లాట్లుగా మార్చి, ముందు ఇల్లు, ఆ తర్వాత వైద్యం, ఉపాధి అన్న క్రమం పాటించింది. మనం అరువు తెచ్చుకోవలసింది వారి బడ్జెట్‌ను కాదు, ఆ క్రమాన్ని. తక్కువ ఖర్చులో నివారణ ఎలా సాగుతుందో మన ఠికా చట్టమే చూపింది.

వ్యూహంలో ఉండవలసినవి

ఈ అనుభవమంతా కలిపితే వ్యూహం స్వరూపం తెలుస్తుంది. రైల్వేతో సహా ఏ ప్రభుత్వ సంస్థ అయినా పునరావాసం చూపకుండా ఖాళీ చేయించరాదన్న నియమం చట్టంగా రావాలి. ఠికా తరహా కౌలు భద్రత ఇతర నగరాల బస్తీలకూ అందాలి. పని పోయి రెండు మూడు నెలల అద్దె బాకీపడిన కుటుంబానికి కార్పొరేషన్ స్థాయిలో తక్షణ సాయం ఉండాలి, ఎందుకంటే ఆ దశలో ఆపడమే అన్నిటికన్నా చవక. షెల్టర్లు ఏడాది పొడవునా నడవాలి, వాటిలో చేరిన ప్రతి ఒక్కరికీ చిరునామా, రేషన్ కార్డు, తర్వాత అద్దె ఇంటికి దారి ఏర్పడాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానం తిండి హక్కును మనిషి వెంట నడిపించగలిగినప్పుడు ఆశ్రయ హక్కునూ నడిపించవచ్చు. వీటన్నిటికీ ఏటా పార్లమెంటు ముందు లెక్క చెప్పే బాధ్యత ఒక మంత్రిత్వ శాఖకు అప్పగించాలి. ఆ నివేదికలో ఎన్ని మంచాలు వేశామన్న సంఖ్య కన్నా ముందు ఆ ఏడాది ఎన్ని కుటుంబాలు గూడు కోల్పోయాయి, వాటిలో ఎన్నిటికి తిరిగి తలుపు గొళ్లెం దక్కిందన్న లెక్క ఉండాలి. ఈ రెండు సంఖ్యలూ ఏటేటా దగ్గరవుతుంటేనే వ్యూహం పని చేస్తున్నట్టు.