నిపుణుని మాటకు ఆధారము

‘ఈ వ్రేలిముద్ర ఇతనిదే’ అని నిపుణుడొకడు న్యాయస్థానమున నిలిచి చెప్పినాడనుకొందము. న్యాయమూర్తి ఆ మాట విని తల యూపి ఊరకుండవచ్చునా? ఉండనక్కఱలేదని మన చట్టము 150 సంవత్సరములకు పైగా చెప్పుచున్నది. 1872లో ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన భారత సాక్ష్య చట్టము తన 45వ సెక్షనులో నిపుణుని అభిప్రాయమునకు చోటిచ్చెను. 51వ సెక్షనులో ఆ అభిప్రాయము ఏ కారణములపై నిలిచినదో ఆ కారణములను కూడ విచారణలోనికి తీసికొనవచ్చుననెను. తాను చేసిన పరీక్షలను నిపుణుడు వివరింపవచ్చునని దాని క్రిందనే ఒక ఉదాహరణము కలదు. రెండు పంక్తుల సెక్షను అది. న్యాయవాదులు సైతము దానిని తఱచుగా తలచుకొనరు. అయినను, నేరపరిశోధనలోనికి కృత్రిమ మేధ ప్రవేశించిన ఈ దినములలో ఒక పెద్ద చర్చ దాని చుట్టునే తిరుగుచున్నది. యంత్రము ‘ఇతడే’ అన్నప్పుడు, ‘ఎందుచేత?’ అను ప్రశ్నకు బదులు చెప్పవలసినవారెవరు? వివరణీయ కృత్రిమ మేధ అని నేటి విద్యార్థులు అభ్యసించు శాస్త్రము ఈ ప్రశ్న నుండి పుట్టినదే. దాని పూర్వకథలో ఒక ముఖ్యభాగము మన దేశముననే జరిగినది.

1858లో బంగాళమునందలి జంగీపురమున ఉద్యోగము చేయుచుండిన విలియం హెర్షెల్, రోడ్డుపనికి కంకర తోలుటకు ఒప్పుకొన్న రాజ్యధర్ కోనాయి అను కాంట్రాక్టరుచేత ఒప్పందపత్రము వెనుక అరచేతి ముద్ర వేయించెను. సంతకమును కాదనువాడు అరచేతిని కాదనలేడు గదా అని ఆయన ఊహ. 1880లో జపానునందు వైద్యుడుగా నుండిన హెన్రీ ఫాల్డ్స్, ముద్రలనుబట్టి నేరస్థులను గుర్తింపవచ్చునని ‘నేచర్’ పత్రికకు లేఖ వ్రాసెను. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ విషయమై ఒక గ్రంథమే ప్రకటించెను. కాని అసలు చిక్కు అప్పటికిని తీరలేదు. రెండు ముద్రలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుట ఒక పని; వేలకొలది కాగితముల నడుమ నుండి పోల్చదగిన కాగితమును వెదకి తీయుట వేఱొక పని. ఈ రెండవదానికి త్రోవ చూపినవారు కలకత్తా పోలీసు కార్యాలయములోని ఇద్దఱు భారతీయులు: అజీజుల్ హక్, హేమచంద్ర బోస్.

హక్ గణితము చదివినవాడు. పదివ్రేళ్లలో దేనికి సుడి కలదు, దేనికి లేదు అను ఒక్క ప్రశ్నను పట్టుకొని ఆయన కాగితములన్నిటిని 1024 అరలుగా విభజించెను. రెండును రెండును హెచ్చించుచు పదిమారులు పోయినచో వచ్చు సంఖ్య అది. కొత్త కాగితము వచ్చినప్పుడు గుమాస్తా తిన్నగా ఒక అర యొద్దకు పోయిన చాలును. 1897లో కలకత్తాలో స్థాపింపబడిన వ్రేలిముద్రల కార్యాలయము ప్రపంచములో మొట్టమొదటిది. పద్ధతికి మాత్రము పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచెను. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు, కొంత పారితోషికము తరువాతి కాలమున దక్కినవి. పేరు ఒకరిది, లెక్క మఱొకరిది.

ఆ మఱుసటి సంవత్సరమే పరీక్ష వచ్చెను. జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును ఎవరో గొంతు కోసి చంపి పెట్టెలోని ధనము దోచుకొని పోయిరి. అక్కడ దొరకిన బెంగాలీ పంచాంగముపై గోధుమవన్నె మరక కనబడెను. పరిశీలింపగా అది కుడి బొటనవ్రేలి ముద్ర. కలకత్తా కార్యాలయములో వెదకగా, పూర్వము ఆ మేనేజరు యొద్దనే దొంగతనము చేసి జైలుకు పోయిన సేవకుడు కంగాళీచరణ్ ముద్రతో సరిపోయెను. న్యాయస్థానము ఏమి చేసినది? దొంగతనమునకు రెండేండ్ల శిక్ష వేసి, హత్యానేరమునుండి విడిచిపెట్టెను. వాడు ఆ యింటికి వచ్చెనని, పంచాంగమును తాకెనని ముద్ర చెప్పగలదు గాని, చంపెనని చెప్పలేదు, చూచినవారెవరును లేరు. కొత్త శాస్త్రము తొలిసారి న్యాయస్థానపు గడప త్రొక్కినప్పుడు, అది ఎంతవఱకు పలుకగలదో అంతవఱకే విన్న ఆ న్యాయమూర్తుల నిగ్రహము నాకు ముద్ర దొరకుటకంటె గొప్పదిగా తోచును. 1899లో సాక్ష్య చట్టపు 45వ సెక్షనును సవరించి వ్రేలిముద్రలను అందులో చేర్చిరి. ముద్రల నిపుణుడును నాటినుండి కారణములు చెప్పవలసినవాడే అయ్యెను.

ఇరువదవ శతాబ్దమున ఆ నియమము మెల్లగా సడలెను. వ్రేలిముద్ర తప్పదు అను నమ్మకము లోకమున పాతుకొనిపోయెను. నిపుణుడు ‘సరిపోయినది’ అనినంతనే ఎదుటి న్యాయవాది చేతులు ముడుచుకొనుట మామూలయ్యెను. ఆ నమ్మకమునకు పెద్ద దెబ్బ 2004లో తగిలినది.

ఆ సంవత్సరము మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు ప్రేలి 190 మందికి పైగా మరణించిరి. పేలుడు సామగ్రి ఉన్న ఒక ప్లాస్టిక్ సంచిపై దొరకిన వ్రేలిముద్ర నకలు అమెరికా పరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ.కి చేరెను. అక్కడి కంప్యూటరు తన లక్షలాది ముద్రలలో వెదకి, పోలికగల 20 పేర్ల పట్టిక ఇచ్చెను. అందులో నాలుగవ పేరు ఆరెగాన్ రాష్ట్రమున న్యాయవాదిగా నున్న బ్రాండన్ మేఫీల్డ్. ముగ్గురు నిపుణులు ఒకరి తరువాత ఒకరు అది ఆయన ముద్రయే అని తేల్చిరి. న్యాయస్థానము నియమించిన నాలుగవ నిపుణుడును ఔననెను. మాకట్లు తోచుట లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్ నెలలోనే తెలిపిరి. ఎవరును చెవిని పెట్టలేదు. మే 6న ఆయనను నిర్బంధించిరి. మే 19న స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థునిదని కనుగొనిరి. మఱునాడు మేఫీల్డ్ విడుదల అయ్యెను. తరువాత ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పెను, 2006లో ప్రభుత్వము 20 లక్షల డాలర్ల పరిహారము చెల్లించెను.

ఇంతమంది నిపుణులు ఎట్లు పొరబడిరి? దీనిపై జరిగిన ప్రభుత్వ విచారణ తేల్చిన విషయము గమనింపదగినది. లక్షల ముద్రలలో వెదకు యంత్రము, అసలు మనుష్యుడు అందులో లేకున్నను, అతనికి మిక్కిలి దగ్గఱ పోలికగలవానిని తెచ్చి నిలుపును. వెదకు రాశి పెద్దదైనకొలది అట్టి ఆకస్మిక పోలిక దొరకుటయు సులభమగును. అటుపిమ్మట నిపుణులు సంచిపై ముద్రను చూచి మేఫీల్డ్ ముద్రలో వెదకుటకు మాఱుగా, మేఫీల్డ్ ముద్రలోని రేఖలను చూచి సంచిపై మసకలో వానిని కనుగొనిరి. సరిపోని భాగమును, వేఱొక స్పర్శవలన కలిగిన మరక అని త్రోసిపుచ్చిరి. నిర్ణయము ముందు, కారణము వెనుక నడిచినవి. నిపుణుడు కారణము చెప్పినను, ఆ కారణము నిజముగా నిర్ణయమునకు తల్లియా, లేక బిడ్డయా అని తఱచి చూడవలసిన అవసరము ఇక్కడ కనబడుచున్నది.

ఈలోగా సాక్ష్యమే రూపు మార్చుకొనెను. దస్తావేజులు, ఉత్తరములు, ఫోటోలు కంప్యూటరులలోనికి చేరినవి. 1984లో ఎఫ్.బి.ఐ. అట్టి సాక్ష్యముల పరిశీలనకు ప్రత్యేక విభాగము నెలకొల్పెను. నేడు మన పోలీసులు కంప్యూటరును స్వాధీనము చేసికొన్నప్పుడు దానిలోని సమాచారమునకు హాష్ అను గుర్తుసంఖ్యను లెక్కించి వ్రాసి యుంచుట మేలైన పద్ధతి. లోపల ఒక్క అక్షరము మాఱినను ఆ సంఖ్య పూర్తిగా మాఱిపోవును. సీలువేసిన లక్కకు ఇది నేటి రూపమనవచ్చును. కాని హాష్ చెప్పునది, సమాచారము మాఱలేదని మాత్రమే. ఆ సమాచారము మొదటనే తప్పుగా నున్నచో?

బ్రిటనులో అట్లే జరిగెను. అక్కడి తపాలా సంస్థ 1999 నుండి హొరైజన్ అను కంప్యూటరు లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టెను. అది లేని లోటును ఉన్నట్లు చూపగా, గ్రామములలో చిన్న తపాలా కార్యాలయములు నడపువారిని దొంగలని నేరారోపణ చేసిరి. 2015 వఱకు 900 మందికి పైగా శిక్షింపబడిరి. కొందఱు జైలుకు పోయిరి. కొందఱు ఇండ్లు, పరువు పోగొట్టుకొనిరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు. అంతకుముందు ఆ దేశపు చట్టము కంప్యూటరు సాక్ష్యము తెచ్చువాడు అది సరిగా పనిచేయుచున్నదని ఋజువు చేయవలెననెడిది. 1999లో ఆ నియమమును తీసివేసిరి. ఇక యంత్రము సరిగానే యున్నదని న్యాయస్థానములు తలపవచ్చును. కాదని చూపవలసిన భారము నిందితునిపై బడెను. ఆ యంత్రము లోపలిభాగము చూచు వీలు పల్లెటూరి పోస్టుమాస్టరునకు ఎక్కడిది? 2019 డిసెంబరులో హైకోర్టు ఆ వ్యవస్థలోని దోషములను తేల్చెను. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి ఆ శిక్షలను రద్దు చేయవలసివచ్చెను.

ఇక కృత్రిమ మేధ. కారణము చెప్పు యంత్రము కొత్త ఊహ కాదు. 1970వ దశకమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మైసిన్ అను వ్యవస్థను నిర్మించిరి. అది రక్తములో చేరిన సూక్ష్మజీవులకు మందు సూచించును. వైద్యుడు ‘ఎందుకు?’ అని టైపు చేసినచో, తాననుసరించిన సూత్రమును వ్రాసి చూపును. కారణము చెప్పనిదే వైద్యులు వినరని దాని నిర్మాతలు ఎఱుగుదురు. అట్టి వ్యవస్థలకు మూలపురుషుడైన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందినవాడు మన చిత్తూరు ప్రాంతపు కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

2012 తరువాత త్రోవ మాఱినది. సూత్రములు వ్రాయుట మాని, లక్షల ఉదాహరణములు చూపి యంత్రమునే నేర్చుకొమ్మనిరి. ఆ సంవత్సరము బొమ్మలను గుర్తించు పోటీలో గెలిచిన యంత్రము లోపల సుమారు 6 కోట్ల సంఖ్యలు కలవు. ‘ఎందుకు?’ అని అడిగినచో ఆ సంఖ్యలే దాని సమాధానము. అది ఏ మనుష్యునికి సమాధానము?

ఇక్కడ ఒక గుఱ్ఱపు కథ చెప్పవలెను. 1904లో బెర్లిన్ నగరమున వాన్ ఓస్టెన్ అను వృద్ధోపాధ్యాయుని గుఱ్ఱము హాన్స్ లెక్కలు చేయుచున్నదని ప్రఖ్యాతి కలిగెను. మూడును రెండును ఎంత అని అడిగినచో గిట్టతో ఐదుమారులు కొట్టును. పండితుల సంఘము వచ్చి చూచి మోసము లేదనెను. స్టుంఫ్ అను ఆచార్యుని శిష్యుడు ఆస్కార్ ఫుంగ్స్ట్ మాత్రము తృప్తి చెందక, ప్రశ్న వేయువానికే సమాధానము తెలియని పరీక్షలు పెట్టెను. అంతటితో హాన్స్ విద్య అడుగంటెను. సరియైన సంఖ్య వచ్చినప్పుడు అడుగువాని తల తెలియకుండ రవంత కదలును. గుఱ్ఱము దానిని కనిపెట్టి ఆగును. సమాధానములు ఒప్పే, కారణము వేఱు. 2019లో అదే బెర్లిన్ నగరపు పరిశోధకులు, గుఱ్ఱముల బొమ్మలను చక్కగా గుర్తించు ఒక యంత్రమును పరీక్షించిరి. అది గుఱ్ఱమునకు బదులు బొమ్మ అడుగున ముద్రించిన ఫోటో యజమాని పేరును చూచుచుండెను! గుఱ్ఱము నుండి గుఱ్ఱమునకు నూఱేండ్లు పట్టినది.

ఇట్టి గుట్టు విప్పుటకే వివరణ పద్ధతులు వచ్చినవి. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు లైమ్ అను పద్ధతి ప్రకటించిరి. బొమ్మలో ఒక్కొక్క ముక్కను కప్పి, యంత్రము మాట ఎప్పుడు మాఱునో చూచుట దాని సారము. తోడేలును, హస్కీ కుక్కను వేఱుపఱచు యంత్రమును కావలెననియే చెడుగా తయారుచేసి, ఈ శాస్త్రము చదివిన 27 మంది విద్యార్థులకు చూపిరి. అది నిజముగా వెనుక మంచు కలదా లేదా అని మాత్రమే చూచును. మొదట 10 మంది ఆ యంత్రమును నమ్మిరి. వివరణ చూపిన పిమ్మట నమ్మినవారు ముగ్గురే. మఱుసటి సంవత్సరము వచ్చిన షాప్ అను పద్ధతి, ఆటగాండ్ర నడుమ లాభము న్యాయముగా పంచుటకై 1953లో లాయిడ్ షాప్లీ వ్రాసిన గణితమును ఆధారముగా గొనెను.

ఇంజనీరింగు కళాశాలలో పట్టము కొఱకు చదువుచున్న విద్యార్థి నేడు తన బల్లపైననే ఈ పని చేయగలడు. హానికరమైన ఫైళ్లను, మంచి ఫైళ్లను యంత్రమునకు చూపి నేర్పును. అది చక్కగా వేఱుచేయును. ఏమి చూచి వేఱుచేసినదని లైమ్‌ను అడుగును. ఫైలు చేయు పనిని గాక, అది తయారైన తేదీని చూచినదని బయటపడవచ్చును. అప్పుడతడు ఫుంగ్స్ట్ అనుభవించిన సంతోషమునే అనుభవించును. మఱునాడు అదే ప్రశ్న వేసినచో వివరణ కొంత మాఱి రావచ్చును, ఏలయన లైమ్ లోపల యాదృచ్ఛిక నమూనాలను తీయును. ఇక చిక్కు మొదలగును: యంత్రమును నమ్ముటకు వివరణ కావలెను, వివరణను నమ్ముటకు ఏమి కావలెను? 2020లో కొందఱు పరిశోధకులు, జాతి వివక్ష చూపు యంత్రమునే నిర్దోషిగా కనబడునట్లు చేసి లైమ్‌ను, షాప్‌ను ఏమార్చి చూపిరి. మేఫీల్డ్ వ్యవహారములోవలెనే నిర్ణయము ఒకటి, చెప్పిన కారణము వేఱొకటి. మనుష్యుల జీవితములపై తీర్పు చెప్పు చోట మూసిన పెట్టెకు తరువాత వివరణ వెదకుట కంటె, మొదటనే మనకు బోధపడు యంత్రమును కట్టుట మేలని డ్యూక్ విశ్వవిద్యాలయపు సింథియా రూడిన్ 2019లో వాదించెను. నేరవిచారణ వఱకైనను ఆమె మాటయే నాకు సమ్మతము.

మన దేశమున 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము పాత చట్టము స్థానమున అమలులోనికి వచ్చెను. పాత 51వ సెక్షను అందులో 45వదై నిలిచినది. బ్రతికియున్న మనుష్యుని అభిప్రాయమునకు గల కారణములు అన్న పలుకుబడియు అట్లే కలదు. కంప్యూటరు సాక్ష్యమునకు జతపఱచవలసిన ధ్రువపత్రము నమూనాను ఆ చట్టము చివర ముద్రించిరి. ఏ యంత్రము, ఎవరి అధీనములో నుండెను, హాష్ సంఖ్య యేది, దానిని ఏ పద్ధతిని లెక్కించిరి అని అందులో గళ్లు కలవు. రెండవ భాగమున నిపుణుడు సంతకము చేయవలెను. ఆ సమాచారమును చదివి యంత్రము చెప్పిన అభిప్రాయమునకు కారణమేమని అడుగు గడి అందులో లేదు.