లాస్టింగ్‌హామ్ నేలమాళిగ

మంట ఎగదొయ్యండ్రా, దగ్గరికి జరగండి. మా పెద్దాడు యార్క్‌లో ఉన్నప్పుడు నేను చూసొచ్చిన నేలకింది చర్చి ముచ్చట అడిగారుగా, వినండి.

యార్క్‌కి ఉత్తరాన, బీడుకొండల అంచున లాస్టింగ్‌హామ్ అని చిన్న ఊరు. పదమూడు వందల ఏళ్ళ కిందట అది ఊరే కాదు. దొంగలకీ అడవి మృగాలకీ తగ్గ చోటని బీడ్ అనే సన్యాసి రాశాడు. ఆయన చరిత్ర పుస్తకం 731లో పూర్తయింది. తర్వాత అక్కడ వెలసిన మఠంవాళ్ళనే అడిగి రాశాడు కాబట్టి నేనా మాట నమ్ముతాను.

ఆ నేలని ఎథెల్వాల్డ్ రాజు సెడ్ అనే బిషప్పుకిచ్చాడు. మఠం కట్టేముందు చోటు శుద్ధి కావాలని సెడ్ ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలమంతా ఉపవాసం పట్టాడు. ఆదివారాలు తప్ప రోజూ పొద్దుగూకేదాకా ఏమీ ముట్టడు. ఆ తర్వాతైనా కాస్త రొట్టె, ఒక గుడ్డు, నీళ్ళు కలిపిన పాలు, అంతే. ఇంకో పది రోజులుందనగా రాజు దగ్గర్నుంచి పిలుపొచ్చింది. మిగతా ఉపవాసం ఆయన తోబుట్టువు పూర్తిచేశాడు. మనిళ్ళలో ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చరూ, అలాగన్నమాట.

664లో మహమ్మారొచ్చి సెడ్ అక్కడే పోయాడు. ఆ కబురు విని, దక్షిణాన ఆయన పెట్టిన మఠం నుంచి ముప్పై మంది దాకా బయల్దేరొచ్చారు. బతికితే ఆయన సమాధి దగ్గరే బతుకుదాం, పోతే అక్కడే పోదాం అనుకున్నారు. మహమ్మారి వాళ్ళనీ తీసుకుపోయింది. ఒక్క చిన్నపిల్లాడు మిగిలాడు. వాడే పెద్దయి మతగురువయ్యాడు. ఈ కథలో రాజులకన్నా బిషప్పులకన్నా నాకు వాడే ఎక్కువ గుర్తుంటాడు.

తర్వాత అక్కడ రాతి చర్చి కట్టి, సెడ్ దేహాన్ని బలిపీఠం కుడిపక్కకి మార్చారు. కాలక్రమాన ఆ మఠమూ పోయింది. 1078లో విట్బీ నుంచి స్టీఫెన్ అనే మఠాధిపతి వచ్చి మళ్ళీ కట్టడం మొదలెట్టాడు. సెడ్ పేరు మీద నేలమాళిగ లేచింది. పైన చర్చి పూర్తికాకముందే సన్యాసులు యార్క్‌కి తరలిపోయారు. సగంలో ఆగిన ఆ కట్టడమే ఊరి చర్చి అయింది. పైభాగానికి రాతికప్పు 1879లో పియర్సన్ అనే వాస్తుశిల్పి వేయించాడు.

ఇక లోపలి సంగతి. చర్చి మధ్యలోంచి మెట్లు దిగుతాం. కింద మరో చిన్న చర్చే ఉంటుంది. నడి భాగం, రెండు పక్కలా నడవలు, చివర అర్ధచంద్రాకారపు గోడ, అన్నీ ఉన్నాయి. నాలుగు స్తంభాలు పొట్టిగా, లావుగా ఉంటాయి. వాటి తలలు మాత్రం స్తంభానికి మించినంత పెద్దవి. వాటి మీద చుట్టలు తిరిగిన చెక్కడం. అంత బరువు మోసే రాయికి ఆ సొగసు తేవడం చిన్న పనితనం కాదు. గోడల వారన పాత చెక్కడపు రాళ్ళు పెట్టారు. స్టీఫెన్ రాకముందు నిలిచి విరిగిన సిలువల ముక్కలు కొన్ని. వైకింగుల కాలం నాటి సమాధిరాయి ఒకటి, ఇంటికప్పులా నడుం ఉబ్బి ఉంటుంది. సముద్రం దాటొచ్చి దోచుకున్నవాళ్ళ సంతతే చివరికి ఆ మట్టిలోనే తమవాళ్ళని పూడ్చుకుని, రాయి చెక్కించింది. ఆ ముక్కలకి నేను ఆ స్తంభాలకన్నా ఎక్కువ విలువిస్తాను. కట్టినవాడి పేరు మిగిలింది గానీ వీటిని చెక్కినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

యార్క్ వెళ్ళినవాళ్ళంతా అక్కడి పెద్ద కెథీడ్రల్ చూసి వచ్చేస్తారు. మీరు పెద్దయ్యాక అటు వెళితే ఒక పూట మిగుల్చుకోండి. లాస్టింగ్‌హామ్ వెళ్ళి ఆ మెట్లు దిగి, ఆ రాళ్ళు చూసి రండి.