ఎదిగెడి వయసు, ఎత్తెడి బరువు

పసివయసున బరువులెత్తినవారు పొట్టివారై పోవుదురను నమ్మకము మన ఇండ్లలో బలముగా నాటుకొని యున్నది. ఉద్యోగరీత్యా ఢిల్లీకో ముంబయికో వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో, పిల్లవానిని తెల్లవారుజామున క్రికెట్ శిక్షణకు ఉత్సాహముతో పంపు తండ్రియే, వ్యాయామశాల గడప త్రొక్కవలదని వానికి కట్టడి చేయుట తఱచుగా చూచుచుందుము. ఈ భయమెక్కడ పుట్టినది? ఇందు నిజమెంత? చరిత్రను కొంత వెనుకకు పోయి చూచినగాని సమాధానము దొరకదు.

మన వైద్యశాస్త్రము ఈ ప్రశ్నను చాల ముందుగనే ఎదుర్కొన్నది. వ్యాయామము చేయువాడు తన శక్తిలో సగము మాత్రమే వినియోగింపవలెనని సుశ్రుతుడును వాగ్భటుడును విధించిరి. సగము శక్తి యెంతయో తెలియుటెట్లు? ఊపిరి గుండెనుండి నోటికెగబ్రాకి రొప్పు పుట్టినపుడు, నుదుటను చంకలలోను చెమట పట్టినపుడు ఆగవలెను. గడియారములును తూకపు కడ్డీలును లేని కాలమున దేహమునే కొలబద్దగా చేసికొన్న ఈ ఉపాయము మెచ్చదగినది. అయితే వ్యాయామము మానవలసినవారిని పేర్కొనుచు వాగ్భటుడు అష్టాంగహృదయమున వృద్ధులతోను అజీర్ణరోగులతోను బాలురను గూడ చేర్చెను. పదునారేండ్లు నిండనివాడు బాలుడని సుశ్రుతుని లెక్క. రెండింటిని కలిపి చదివినచో ఉన్నత పాఠశాల విద్యార్థికి వ్యాయామమే తగదని తేలును! కాని ఆ శాస్త్రకారులు వ్యాయామమనగా శరీరమునకు ఆయాసము కలిగించు కర్మ యని నిర్వచించిరి. కావున వారు వారించినది పిల్లలను సొమ్మసిల్లజేయు శ్రమనే గాని క్రమమైన సాధనను కాదని నా తలంపు.

రాజాస్థానముల ఆచారము ఈ తలంపునకు బలమిచ్చుచున్నది. 12వ శతాబ్ది పూర్వార్ధమున కల్యాణి చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. నేటి తెలంగాణమునందలి పెక్కు సీమలు ఆ వంశపు టేలుబడిలోనివే. ఆ గ్రంథమున మల్లవినోదమను ప్రకరణము కలదు. అందు మల్లులను వయసును, మేనిని, బలమును బట్టి తరగతులుగా విభజించి, పైకి రావలసియున్న యువకులను 'భవిష్ణువు'లని పేర్కొనెను. వారికి రాజు పప్పుధాన్యములు, మాంసము, పాలు, చక్కెర సమకూర్పవలెను. సాధనలో బరువులతో చేయు భారశ్రమ, నీటిలో చేయు సలిలశ్రమ, స్తంభమునెక్కి చేయు స్తంభశ్రమ మున్నగునవి కలవు. బరువు ఒక్కదానితో తృప్తిపడక ఊపిరికి, కాళ్లకు, పట్టునకు వేర్వేరు శ్రమలను నిర్ణయించుటయే ఇందలి విశేషము.

మన గ్రామములలోని గరిడీలు, హైదరాబాదునందలి తాలింఖానాలు ఈ పద్ధతికి వారసులు. క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి గురువు మొదటి దినముననే గద చేతికీయడు. గోదాలోని మన్ను త్రవ్వించును; దండీలు, బస్కీలు తీయించును. నెలల తరబడి వాని ఒడలి బరువే వానికి బరువు. ఆ పైననే సంగిడియు, గదయు. (శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో సంక్రాంతి దినములలో సంగిడి రాళ్లెత్తు పందెములు నేటికిని జరుగుచున్నవి.) మెట్టుమెట్టుగా పైకెక్కించు ఈ క్రమము శాస్త్రసమ్మతమే. గరిడీలలో లోపమును ఒకటి కలదు. దండీల లెక్కయే ప్రతిష్ఠ యైనచోట ఐదువందలు తీసినవాడు వేయి తీయుటకు ఉబలాటపడును. అచ్చట సుశ్రుతుని సగము శక్తి మాట అడుగువాడుండడు.

గ్రీకులకును ఇట్టి కథ యొకటి కలదు. క్రోటన్ నగరవాసియగు మైలో దినదినము ఒక దూడను భుజమున మోయుచు, అది ఎద్దైన నాటికి ఎద్దునే మోసెనట. బరువు కొంచెము కొంచెముగా పెరుగవలెనను భావము చక్కనిది. కాని దూడకు విశ్రాంతి దినము లేదు. మోయువాని కండ పెరుగుదలకై అది వేచియుండదు. ఏ శిక్షకుడును ఆ లెక్క పాటింపజాలడు.

ఆధునిక యుగమున తెలుగువారికి బలమనగానే స్ఫురించు పేరు కోడి రామమూర్తినాయుడు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, కొంతకాలము పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. ఏనుగును ఱొమ్మున నిలిపిన ఘనుని జనులు తలతురే గాని, పిల్లలకు కసరత్తు నేర్పిన ఉపాధ్యాయుని తలచువారరుదు. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను నెలకొల్పుటతో ఉపాధ్యాయులకు శాస్త్రీయమైన శిక్షణ విస్తరించెను. స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వము 1957లో గ్వాలియరున వ్యాయామ కళాశాలను, 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థను స్థాపించెను. నర్తనశాల చిత్రమున భీముడుగా మనకు పరిచితుడైన దండమూడి రాజగోపాల్ అంతకు పూర్వమే, 1948లో, లండన్ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తియుండెను.

అయినను ఇతర క్రీడల శిక్షకులు చాలకాలము బరువులను శత్రువులుగానే చూచిరి. కండలు బిగిసి పరుగు మందగించునని వారి వాదము. ఈ వాదమునకు మొదటి దెబ్బ సైనిక వైద్యశాలనుండి తగిలెను. థామస్ డిలోర్మ్ అను అమెరికను వైద్యుడు కౌమారమున కీళ్లజ్వరముతో మంచముపట్టి, పిదప బరువులెత్తి బలము కూర్చుకొన్నవాడు. రెండవ ప్రపంచయుద్ధమున మోకాళ్లు దెబ్బతిన్న సైనికులచేత క్రమముగా పెరుగు బరువులనెత్తించి, 1945లో ఫలితములను ప్రకటించెను. 1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయము తన ఫుట్‌బాల్ జట్టుకు బలశిక్షకునిగా బాయిడ్ ఎప్లీని నియమించెను. జట్టులో ఒక్కడు మందగించినను ఉద్యోగము పోవునని షరతు పెట్టిరట. ఉద్యోగము పోలేదు. 1978లో అట్టి శిక్షకుల జాతీయసంఘమే వెలసెను.

పెద్దల విషయమున సందేహము తీరిన ఈ కాలముననే పిల్లల విషయమున భయము చిక్కబడుట చిత్రము. 1964లో టోక్యోలో జరిగిన క్రీడాశాస్త్ర సమావేశమున కాటో, ఇషికో అను పరిశోధకులు, జపాను కొండపల్లెలలో బరువులు మోసి బ్రతుకు పిల్లలు పొట్టిగా నున్నారనియు, అధికశ్రమ ఎముకల ఎదుగుదలను అడ్డగించెననియు నివేదించిరి. దినమంతయు మోత మోయు పేదపిల్లల తిండి యెట్టిదో విచారింపక దోషమంతయు బరువుమీద మోపుట న్యాయముగాదు. ఎముకల కొనలయందలి మృదులాస్థి ఫలకములు బరువులెత్తు కౌమారులలో చిట్లిన ఉదాహరణములు 1976లో వెలువడెను. ఇట్టివి చాలవఱకు పర్యవేక్షణ లేనిచోట, తలపైకి మితిమీరిన బరువునెత్తబోయినవారికి కలిగినవే. 1983లో అమెరికా బాలవైద్య పరిషత్తు, యౌవనము రాని పిల్లలకు బరువు శిక్షణవలన చెప్పదగిన లాభము లేదని ప్రకటించెను.

పరిశోధనలు పెరిగినకొలది ఈ తీర్పు నిలువలేదు. 1990లో పరిషత్తు తన మాట సవరించుకొనెను. తగిన పర్యవేక్షణతో రెండు మూడు నెలలు సాధన చేసిన పిల్లలలో బలము సుమారు 30 శాతము పెరుగుట పలుమారులు కనబడెను. ఆశ్చర్యమేమన, కండ అంతగా పెరుగదు. యౌవనమునకు ముందు పెరుగునది ముఖ్యముగా నాడుల నేర్పు: ఉన్న కండనే మెదడు ఎక్కువగా పనిలోనికి దింపును. పొట్టితనము మాట ఏ పరీక్షయందును తేలలేదు. గోడపైనుండి దూకిన పిల్లవాని కాళ్లపై వాని బరువునకు ఎన్నియో రెట్ల ఒత్తిడి పడును; దానికి భయపడని తల్లిదండ్రులు చిన్న ఇనుపగుండునకు భయపడుచున్నారు. మఱియొక వైపు, బలము కూర్చకయే వారమున ఆరుదినములు వేగముగా బంతులు వేయించినందున నడుము పూసలలో చీలికలు పడి, ఆటకే దూరమైన బాలురు కలరు. నా దృష్టిలో అసలు అపాయమిచ్చటనే యున్నది. 2014లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటనయు యోగ్యుడైన శిక్షకుడున్నచో పిల్లలకు బలసాధన హితమనియే చెప్పినది.

ఆచరణలో ఇది గరిడీ గురువు మార్గమునకు దూరము కాదు. మొదట వట్టి కఱ్ఱతో భంగిమ నేర్పుదురు. భంగిమ కుదిరిన పిదప, ఎనిమిది మొదలు పదునైదు మారులు సులువుగా ఎత్తగల బరువు. వారమునకు రెండు మూడు దినములు, నడుమ విరామము. బరువు పెంచునపుడు ఒక్కొక్క మారు 5 మొదలు 10 శాతము. భంగిమ చెడినచో ఆ దినమునకు పని ముగిసినట్లే.

శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో 1975లో పుట్టిన కరణం మల్లీశ్వరి 12 ఏండ్ల ప్రాయమున నీలంశెట్టి అప్పన్న వద్ద బరువులు పట్టెను. పిల్లలకు లాభము లేదన్న అమెరికా వైద్యుల తీర్పు అప్పటికింకను రద్దుకాలేదు. 1994, 1995 సంవత్సరములలో ఆమె 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బరువులెత్తు పోటీలు 2000లో సిడ్నీయందు మొట్టమొదట జరిగినపుడు, 69 కిలోల తరగతిలో 110, 130 వెఱసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. భారత స్త్రీ పొందిన తొలి ఒలింపిక్ పతకమది. స్వర్ణ రజతములు పొందిన ఇరువురును ఎత్తినది 242.5 కిలోలు. స్వర్ణముకొఱకు కడపటి ప్రయత్నమున 137.5 కిలోలకు చేయి చాచెను గాని అది నిలువలేదు. అప్పటికామె బరువులు పట్టి 13 ఏండ్లైనది.