పార్శిల్‌లో పాత రివాల్వర్ కొంటే కటకటాలే!
ఆయుధ చట్టం ఏం చెబుతోంది? తీర గ్రామాల వారు తెలుసుకోవలసినవి

నెల్లూరు: కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల కాపలాకో, ఊరికి దూరంగా ఉన్న తోట ఇంటి రక్షణకో ఒక తుపాకీ ఉంటే మేలన్న ఆలోచన కొందరికి కలగడం సహజం. కొత్తదాని ధర విన్నాక పాతదాని వైపు మనసు మళ్లుతుంది. “సగం సొమ్ము ముందుగా పంపండి, మిగతాది సరుకు అందాక ఇవ్వండి, పార్శిల్‌లో పంపిస్తాం” అనే మాట వినిపిస్తే ఆశ పుడుతుంది. అయితే భారతదేశంలో రివాల్వర్ అన్నది టపాలో తెప్పించుకునే సరుకు కాదు. అలా తెప్పించుకున్న వ్యక్తి కొనుగోలుదారుగా కాక, నిందితుడిగా నిలబడవలసి వస్తుంది.

లైసెన్సు ముందు, ఆయుధం తర్వాత

1959 నాటి ఆయుధ చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీని సంపాదించడం గానీ, దగ్గర ఉంచుకోవడం గానీ నేరం. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. రివాల్వర్లలో .32 బోరు వంటి నిషేధం లేని రకాలకు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు లైసెన్సు ఇస్తారు. 9 ఎం.ఎం., .303 వంటి నిషేధిత బోరు ఆయుధాల విషయం కేంద్ర హోం శాఖ పరిధిలోనిది.

1962 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఏ-1 ఫారంలో దరఖాస్తు చేయాలి. పోలీసులు దరఖాస్తుదారు నడవడిని, అవసరాన్ని విచారించి నివేదిక పంపుతారు. ఆయుధాన్ని సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందన్న హామీ అవసరం. లైసెన్సుదారులందరి వివరాలూ జాతీయ డేటాబేస్‌లో నమోదై, ఒక్కొక్కరికి ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. లైసెన్సు నిరాకరిస్తే 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

2019 సవరణతో ఒకరు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

పాతదానికి గిరాకీ ఎందుకు?

1980వ దశకం మధ్య నుంచి వ్యక్తులు విదేశీ తుపాకులను దిగుమతి చేసుకోవడంపై ఆంక్షలు ఉన్నాయి. క్రీడాకారుల వంటి కొద్దిమందికే మినహాయింపు. అందువల్ల అంతకు పూర్వమే దేశంలోకి వచ్చిన వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ రివాల్వర్లు ఒకరి లైసెన్సు నుంచి మరొకరి లైసెన్సుకు మారుతూ వస్తున్నాయి. స్వదేశీ ఆయుధాలూ చౌక కావు. కాన్పూరు కర్మాగారంలో తయారై 2014లో విడుదలైన ‘నిర్భీక్’ అనే .32 రివాల్వర్ ధర అప్పట్లోనే సుమారు రూ.1.22 లక్షలు.

పాత ఆయుధం కొనుగోలు ఇలా

లైసెన్సు ఉన్న వ్యక్తి తన సొంత ఆయుధాన్ని, లైసెన్సు ఉన్న మరొకరికి అమ్మవచ్చు. అయితే తాను ఎవరికి అమ్మదలచిందీ, వారి పేరు, చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ, సమీప పోలీసు స్టేషన్ అధికారికి గానీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ సమాచారం ఇచ్చాక కనీసం 45 రోజులు గడవనిదే ఆయుధం చేతులు మారరాదు. ఇది ఐదో సెక్షన్ విధించిన షరతు. లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి ద్వారా కొనడం మరో మార్గం. ఏ మార్గమైనా ఆయుధం సంఖ్య కొనుగోలుదారు లైసెన్సులో నమోదు కావాలి.

తయారీదారు పేరు, సంఖ్య చెరిపివేసిన ఆయుధాన్ని తాకకపోవడమే మంచిది. అటువంటి దానిని అమ్మడాన్ని ఎనిమిదో సెక్షన్ నిషేధిస్తోంది. ఎవరి వద్ద దొరికితే వారే చెరిపినట్లు భావించి, కాదని నిరూపించుకునే భారాన్ని వారిపైనే మోపుతుంది.

తీర ప్రాంతం వారు మరొకటి గమనించాలి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైకి నిగనిగలాడే రివాల్వర్‌కు గొట్టం లోపల గుంటలు పడి ఉండవచ్చు, తూటాల గదుల చక్రం వదులై ఉండవచ్చు. అటువంటిది పేల్చిన వాడి చేతికే ముప్పు. కనుక కంటితో చూసి, నిపుణుడి చేత పరీక్ష చేయించకుండా కొనరాదు. పార్శిల్ బేరంలో ఈ అవకాశమే ఉండదు.

టపా దారి మూసిందే

పేలుడు స్వభావం గల, ప్రమాదకరమైన వస్తువులను టపాలో పంపరాదని 1898 నాటి తపాలా చట్టమే నిషేధించింది. దాని స్థానంలో 2023 నాటి పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. దేశ భద్రత వంటి కారణాలపై పార్శిళ్లను ఆపి పరిశీలించే అధికారం ఈ చట్టంలో ఉంది.

టపాలో తుపాకుల అమ్మకం ఎంత చేటు తెస్తుందో అమెరికా అనుభవం చెబుతోంది. 1963లో లీ హార్వీ ఆస్వాల్డ్ మారుపేరుతో లాస్ ఏంజెలిస్ వ్యాపారి నుంచి ఒక పాత .38 స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌ను పార్శిల్‌లో తెప్పించుకున్నాడు. ధర 30 డాలర్ల లోపే. అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన రోజున, ఆ రివాల్వర్‌తోనే పోలీసు అధికారి టిప్పిట్‌ను కాల్చి చంపాడు. కెన్నెడీపై వాడిన రైఫిల్ కూడా టపాలో కొన్నదే. 1968లో ఆ దేశం రాష్ట్రాల మధ్య ఇటువంటి అమ్మకాలను చట్టంతో అడ్డుకుంది.

తండ్రి తుపాకీ బీరువాలో ఉంటే

లైసెన్సుదారు మరణించాక ఆయుధం బీరువాలోనే ఉండిపోవడం, కొన్నేళ్లకు వారసులు దానిని తెలిసినవారికి అప్పగించడం పెద్ద పొరపాటు. లైసెన్సు వ్యక్తికి చెందినదే తప్ప ఇంటికి చెందినది కాదు. 21వ సెక్షన్ ప్రకారం అటువంటి ఆయుధాన్ని ఆలస్యం లేకుండా సమీప పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద గానీ డిపాజిట్ చేసి రశీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసులు తమ పేరిట లైసెన్సు కోరవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన వద్ద ఉన్నా, జీవించి ఉండగానే వారసునికి బదిలీ కోరే వీలును 2016 నిబంధనలు కల్పించాయి.

శిక్షలు

* లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. 2019కి ముందు ఇది ఏడాది నుంచి మూడేళ్లు.
* లైసెన్సు లేకుండా తయారీ, అమ్మకం సాగిస్తే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలు.
* పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో ఇతరులకు ముప్పు కలిగేలా గాల్లోకి కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

సొమ్ము పంపి మోసపోయినవారు కేసు భయంతో మిన్నకుంటారన్న ధీమాయే ఇటువంటి మోసగాళ్లకు బలం. అడ్వాన్సు చెల్లించి నష్టపోయినవారు సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి వెంటనే తెలియజేయాలి. నిజంగానే ఆయుధం ఇంటికి చేరితే దానిని దాచడం, మరొకరికి అంటగట్టడం చేయక, న్యాయవాది సలహాతో పోలీసులకు అప్పగించడమే మార్గం. రక్షణ కోసం తెచ్చుకున్న వస్తువే ఇంటిల్లిపాదినీ కోర్టు మెట్లు ఎక్కించే పరిస్థితి తెచ్చుకోరాదు.