మరణానంతర సహాయానికి 21 రోజుల్లోగా నమోదే తొలి మెట్టు

ఆప్తులను కోల్పోయిన కుటుంబానికి లభించే సహాయానికి మరణ ధ్రువీకరణ పత్రమే ఆధారం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణ సమాచారాన్ని 21 రోజుల్లోగా స్థానిక రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఆసుపత్రిలో మరణిస్తే ఆసుపత్రి బాధ్యులు, ఇంటివద్ద మరణిస్తే కుటుంబ సభ్యులు ఈ విధిని నిర్వర్తించాలి. గడువు దాటినచో 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేయించుకోవచ్చును.

దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో 18-59 సంవత్సరాల వయస్సు గల ప్రధాన సంపాదనాపరులు మరణించినచో జాతీయ కుటుంబ ప్రయోజన పథకం క్రింద రూ.20,000 ఏకమొత్తంగా లభిస్తుంది.

మృతుల పాసుపుస్తకంలో ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా వార్షిక ప్రీమియం రూ.436 మినహాయింపు ఉన్నదేమో సరిచూడాలి. బీమా అమలులో ఉన్నచో నామినీకి రూ.2 లక్షలు అందుతాయి.

దుఃఖం నుంచి తేరుకోలేనివారు టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో ఉచితంగా సలహా పొందవచ్చును.