తిథులు మరచిన బాటసారి - ఇంట్లో కుట్టుకునే ఏడాది పుస్తకం



ఇప్పటికి సుమారు ఐదున్నర శతాబ్దాల కిందట, 1470 ప్రాంతంలో, మన బీదరు పట్టణంలో ఒక రష్యా వర్తకుడు వేకువజామున ఆకాశం కేసి చూస్తూ చుక్కల జాడ కనిపెడుతున్నాడు. ఆయన పేరు అఫనాసీ నికితిన్. వోల్గా నది ఒడ్డున ఉన్న త్వేర్ ఆయన ఊరు. అమ్ముకుందామని ఒక గుర్రాన్ని తీసుకుని, సముద్రం దాటి చౌల్ రేవులో దిగి, జున్నరు మీదుగా బీదరు చేరాడు. మరి చుక్కలతో ఆయనకు పనేమిటి? తమ ఈస్టరు పండుగ ఏనాడో తెలుసుకోవాలి. స్వదేశం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు దారిలో జరిగిన దోపిడీలో పోయాయి. అవి లేకపోయేసరికి పండుగ ఏనాడో, బుధవారమేదో, శుక్రవారమేదో తెలియడం లేదని తన రాతల్లో ఆయనే వాపోయాడు. అందుకని కృత్తికలు, అంటే మన పెద్దలు పిల్లలకోడి అనే చుక్కల గుంపు, తెల్లవారుజామున ఎక్కడుందో, సప్తర్షి మండలం ఎటు తిరిగి ఉందో చూసి, పండుగను అంచనా కట్టుకున్నాడు.

ఈ సంగతి ఇవాళ ఎందుకు ఎత్తుకున్నానంటే, రోజుల లెక్క చెప్పే పుస్తకం విషయంలో మన సరిహద్దు ఇళ్లది కూడా కాస్త అలాంటి అవస్థే.

ఔరాదు తాలూకా చింతకి నుంచి, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వింటున్నవారిని ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో గోడకు ఎన్ని క్యాలెండర్లు వేలాడుతున్నాయి? బీదరులో సరుకులు కొన్న దుకాణం వారిచ్చిన కన్నడ క్యాలెండరు ఒకటి. నారాయణఖేడ్‌లోనో జహీరాబాద్‌లోనో ఉన్న చుట్టాలు పంపిన తెలుగు క్యాలెండరు ఇంకొకటి. ఇక్కడి పిల్లలకు వేసవి సెలవులు ముందే అయిపోతాయి, అక్కడి పిల్లలకు జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఇక్కడ నవంబరు 1 రాజ్యోత్సవం, అక్కడ జూన్ 2 రాష్ట్రావతరణ దినం. రెండు వైపులా కుటుంబం ఉన్నవారికి ఏ ఒక్క అచ్చు క్యాలెండరూ సరిపోదు.

దీనికి మూలం 1956లో ఉంది. అంతకు ముందు నారాయణఖేడ్, జహీరాబాద్, ఉద్గీర్, నీలంగ అన్నీ హైదరాబాదు రాష్ట్రంలోని మన బీదరు జిల్లాలోవే. 1956 నవంబరు 1న ఈ జిల్లా మూడు ముక్కలైంది. నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. మిగిలిన బీదరు మైసూరు రాష్ట్రంలో చేరింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక, 2016 నుంచి నారాయణఖేడ్, జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. పొలాలు, చుట్టరికాలు కదలలేదు. మారింది బడి భాష.

మా మనవరాలు కన్నడ బడిలో ఐదో తరగతి చదువుతోంది. మా ఇంటావిడ పెళ్లికి ముందు నుంచీ పాటలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటి పెట్టెలో ఉంది. ఒకనాడు ఆ పిల్ల దాన్ని తిరగేసి, "తాతా, ఇవి మా బడి అక్షరాల లాగానే ఉన్నాయి, కానీ చదవరావడం లేదు" అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ముగ్గురం తెలుగే మాట్లాడుకుంటాం. కానీ అవ్వ రాసింది మనవరాలికి చేరడం లేదు. కోప్పడితే వచ్చే చదువు కాదిది. అందుకని మేము ముగ్గురం కూర్చుని ఒక ఏడాది పుస్తకం కుట్టుకున్నాం. అది పట్టుకుని ఊళ్లు చూశాం. ఆ ముచ్చటే మీతో చెబుతున్నాను.

పుస్తకం ఇంట్లో తయారు చేసుకోవడం మనకు కొత్త కాదు. మన వర్తకులు, కరణాలు వెనుకటి రోజుల్లో కడితం వాడేవారు. కన్నడంలో దాన్నే కడత అంటారు. ఇప్పటికీ కర్ణాటక ఆఫీసుల్లో ఫైలుకు కడత అనే పేరు. నూలు గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి కలిపి రెండు వైపులా పూసి, ఆరబెట్టి, మడతలు మడతలుగా పెట్టి, బలపంతో రాసేవారు. మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810లో అచ్చైన తన మైసూరు చరిత్రలో దీన్ని వర్ణించాడు. వెడల్పు ఎనిమిది అంగుళాల నుంచి అడుగు దాకా, పొడవు పన్నెండు నుంచి పద్దెనిమిది అడుగుల దాకా ఉండేదట. రెండు చివరలా చెక్క అట్టలు. పలక మాదిరి తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. చింతకి పేరులో చింత వినిపిస్తుంది కదా! ఊరి పేరు చెట్టు నుంచే వచ్చిందని నేననడం లేదు గాని, పుస్తకానికి కావలసిన జిగురు మాత్రం మన చింతచెట్టు కిందే దొరుకుతుంది.

చింతగింజలు వేయించి, దంచి, పైపొట్టు తీసేయండి. రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్లు కలిపి సన్నని సెగ మీద గంజిలా ఉడకనివ్వండి. మన కురుమలు గొంగడికి పెట్టే గంజి కూడా ఇదే. ఇక కాగితాలు. వారానికి ఎదురెదురుగా రెండు పేజీలు అనుకుంటే, 52 వారాలకు 104 పేజీలు. ఒక్కో కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు కనుక 26 కాగితాలు సరిపోతాయి. ఇంకో నాలుగు కలిపి 30 తీసుకోండి. ఆ మిగిలే 16 పేజీలు ప్రయాణాలకు. ఆరేసి కాగితాలు ఒక కట్టగా ఐదు కట్టలు చేసి, మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, గట్టి దారంతో ఒకదానికొకటి కుట్టండి. వీపుకు గంజి రాసి పాత నూలుచీర ముక్క అంటించండి. పాత శుభలేఖల అట్టలు పైకప్పుగా పనికొస్తాయి. బరువు పెట్టి రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. తొందరపడి ఎండలో పెడితే మా మొదటి పుస్తకంలాగే అట్ట వంకర తిరుగుతుంది.

పుస్తకం ఉగాదితో మొదలుపెట్టండి. తెలుగువారికీ కన్నడిగులకూ ఆ పండుగ ఒకే రోజు. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ కన్నడం. విత్తనాలు వేసే మృగశిర కార్తె, కంది కోతలు, ఊరి జాతర, రెండు రాష్ట్రాల బడి సెలవులు, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ ముందు గుర్తు పెట్టుకోండి. అప్పుడు పనిలేని ఆదివారాలు ఎక్కడున్నాయో కంటికి కనిపిస్తాయి. ప్రయాణాలు ఆ ఆదివారాలకు రాసుకోవాలి.

మొదటి ప్రయాణం దగ్గరలోని బీదరుకే. బహమనీల మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా చూడండి. ఆయన ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడు. అక్కడి గ్రంథాలయంలో మూడు వేల గ్రంథాలుండేవని చెబుతారు. గవాన్ గొప్ప ఉత్తరాల రచయిత. ఆయన పారసీ లేఖల సంపుటి నేటికీ నిలిచి ఉంది. అలాంటివాణ్ణి 1481లో ఒక దొంగ ఉత్తరం బలి తీసుకుంది. శత్రువులు ఆయన ముద్ర వేసిన ఖాళీ కాగితం సంపాదించి, దాని మీద రాజద్రోహపు మాటలు రాసి సుల్తానుకు చూపారని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. మదరసాలో కొంత భాగం ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలుడుకు కూలిపోయింది. మిగిలిన ముందు గోడ మీద రంగు పలకల అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. నికితిన్ బీదరులో ఉన్నది కూడా గవాన్ రోజుల్లోనే. తన రాతల్లో ఆయన్ని బిరుదుతో, మాలిక్-ఉత్-తుజ్జార్ అని పేర్కొన్నాడు. ఇక్కడే హిందూ మిత్రులను సంపాదించి, వారితో కలిసి శివరాత్రికి పర్వతం అనే క్షేత్రానికి వెళ్లాడు. అది మన శ్రీశైలం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణానికి పెట్టిన పేరు కూడా పర్వత ప్రకరణమే.

రెండో ప్రయాణం బసవకల్యాణం. 12వ శతాబ్దంలో బిజ్జలుడి కాలాన బసవన్న, ఆయన సహచరులు అక్కడ మామూలు జనం మాటల్లో వచనాలు చెప్పారు. ఆయన కథను తెలుగు ద్విపదలో బసవపురాణంగా రాసినవాడు పాల్కురికి సోమనాథుడు. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకుపోయాడు. అంటే కన్నడ నేల మీద పుట్టిన కథ తెలుగింటికి వచ్చి పెరిగి, తిరిగి పుట్టింటికి వెళ్లిందన్నమాట. అక్కడికి వెళ్లినప్పుడు అవ్వ చేత సోమనాథుడు చెప్పిన కథ ఒకటి చెప్పించండి, పిల్లల చేత బడిలో నేర్చుకున్న వచనం ఒకటి చదివించండి. పుస్తకంలో ఎడమ పేజీ, కుడి పేజీ రెండూ నిండుతాయి.

మూడోది కాగిణా నది ఒడ్డున ఉన్న మళఖేడ్. రాష్ట్రకూటుల మాన్యఖేటం అదే. మనకు దొరికిన కన్నడ గ్రంథాలలో మొట్టమొదటిదైన కవిరాజమార్గం 9వ శతాబ్దంలో, అమోఘవర్షుడి కొలువులో వెలసింది. పుష్పదంతుడు అపభ్రంశ భాషలో మహాపురాణాన్ని 965లో ఇక్కడే పూర్తి చేశాడు. 972లో పరమారుల సేన ఈ నగరాన్ని కొల్లగొట్టింది. ఇది కాస్త దూరం. తెల్లవారక ముందే బయలుదేరితే రాత్రి పొద్దుపోయే సరికి ఇల్లు చేరవచ్చు.

నాలుగోది తెలంగాణ వైపు, మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం ఈ ఊరి నుంచి వచ్చిందే. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన తన వ్యాఖ్యానాలకు ఒక నియమం పెట్టుకున్నాడు. ఇంటి పుస్తకానికి కూడా ఇంతకంటే మంచి నియమం లేదు. పిల్లలకు చెప్పండి: చూసింది రాయాలి, విన్నదైతే ఎవరి దగ్గర విన్నారో రాయాలి, తేదీ వేయాలి. ఖాళీ కాగితం మీద ముద్ర పడితే ఏమవుతుందో గవాన్ కథలో విన్నారు కదా!

ప్రయాణాలకు పెద్ద ఖర్చు అక్కరలేదు. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పెరుగు సద్ది కట్టుకుంటే చాలు. ముసలివారిని ఇంటి దగ్గర వదలకండి. వారు మెట్లు ఎక్కలేకపోతే కింద చెట్టునీడన కూర్చుంటారు. అక్కడ వారు చెప్పే మాటే పుస్తకానికి అసలు సరుకు. తిరిగి వచ్చిన రాత్రే అందరూ తలా నాలుగు వాక్యాలు రాయండి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ పేజీ ఇక నిండదు.

ఒక్క రోజులో తిరిగి రాలేని చోటు ఒకటుంది. దాన్ని దసరా సెలవులకు అట్టిపెట్టుకోండి. అది కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట. కన్నడ ఆదికవి పంపడు వేములవాడ అరికేసరి కొలువులో ఉన్నాడు, 941లో విక్రమార్జున విజయం రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు తమ కుటుంబం గురించి, అన్నగారి గురించి ఆ గుట్ట బండ మీద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ అందులో ఉన్నాయి. ఆ తెలుగు కంద పద్యాలు మనకు దొరికిన తొలి కందాలలోవి. వెయ్యేళ్ల కిందట ఒక ఇంటివారు తమ సంగతిని రెండు పొరుగు భాషల్లోనూ రాసి పెట్టుకున్నారు. మన ఇంటి పుస్తకంలో ఎడమ పేజీ, కుడి పేజీ చేస్తున్న పని కూడా అదే.

ఇంతకీ మా మనవరాలి సంగతి చెప్పి ముగిస్తాను. తెలుగు లిపి, కన్నడ లిపి ఒక తల్లి బిడ్డలు. తలకట్టు తేడా పట్టుకుంటే సగం అక్షరాలు అవే తెలుస్తాయి. పుస్తకంలో రోజూ అవ్వ రాసిన ఎడమ పేజీ చూసి, కుడి పేజీలో కన్నడంలో రాయడం ఆ పిల్లకు పని పెట్టాం. ఉగాదికి మొదలుపెడితే, శ్రావణం నాటికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. దసరాకి పెట్టెలోంచి పాటల నోటుపుస్తకం తనే తీసింది. రెండు పాటలు తప్పులతో చదివింది. మా ఇంటావిడ తప్పులు దిద్దలేదు. మూడో పాట తనే అందుకుని పాడింది.

నికితిన్ మాట కూడా చెప్పాలి. ఆయన తిరుగు ప్రయాణంలో, స్మొలెన్స్క్ చేరక ముందే దారిలో చనిపోయాడు. ఆయన స్వహస్తంతో రాసిన నోటుపుస్తకాలను తోటి వర్తకులు 1475లో మాస్కోకు చేర్చారు. బీదరు వీధులు, గుర్రాల బేరాలు, శ్రీశైలం శివరాత్రి, మరచిపోయిన పండుగల బెంగ, అన్నీ వాటిలో ఇంటికి చేరాయి.

మీ ఇంట్లో కూడా ఎవరి చేతిరాతో పెట్టెలో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి. చింతగింజలు రాత్రికే నానబెట్టండి.