రాజు లేని దేశంలో వంశచిహ్నాలు

1581లో డచ్చి రాష్ట్రాలు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మాకు రాజు కాడని తెగతెంపులు చేసుకున్నాయి. ఐరోపాలో సామాన్యుణ్ణి కులీనుడిగా మార్చే అధికారం రాజుది. హాలండ్‌లో ఇక ఆ రాజే లేడు. తోళ్లు, ధాన్యం, మిరియాలు అమ్మి గడించిన వర్తకులకు మాత్రం కొదవ లేదు. డాలు మీద వంశచిహ్నం పెట్టుకోవడానికి వాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, నలుగురూ చూస్తే చాలు. రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసే కళాకారులు ఆ పని చేసిపెట్టారు. పెద్దమనిషి ముఖచిత్రం కింద పేరు, పదవి, ఆ పక్కన డాలు!

అయితే వంశచిహ్నానికి ప్రాణం రంగు. ఎర్రడాలు మీది బంగారు సింహం ఒకరిదైతే, నీలిడాలు మీద అదే సింహం మరొకరిది. అచ్చులో ఉన్నదేమో నల్లసిరా ఒక్కటే. 1600లో దక్షిణాన లూవెన్‌లో యాన్ బాప్టిస్ట్ జాంగ్రియస్, రంగుకో గీతల తీరు చొప్పున బ్రబాంట్ వంశచిహ్నాల పటం వేశాడు. నేటికీ నిలిచిన పద్ధతికి మాత్రం 1638లో ఇటలీ జెసూయిట్ సిల్వెస్ట్రో పియెత్రాసాంతా పుస్తకం ప్రచారం తెచ్చింది. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, రెండూ కలిసి గళ్లయితే నలుపు. చుక్కలు బంగారం, ఖాళీ వెండి. ముద్రణ చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేసిన ఊహలు అరుదని నా నమ్మకం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి పటాలు. సముద్రాన్ని వెనక్కి నెట్టి బతికే ఆ నేలలో గట్లు, తూములు, కాలువల మీద పెత్తనం జలమండళ్లది. డెల్ఫ్‌లాండ్ మండలి కోసం క్రూకియస్ సోదరులు 1712లో 25 పలకల పటం తయారుచేశారు. ప్రతి కాలువనూ కొలిచి గీసిన ఆ పటంలోనే మండలి పెద్దల డాళ్లూ కొలువుదీరాయి. నీటి లెక్కా, పరువు లెక్కా ఒకే కాగితం మీద ఉన్నాయి.

డబ్బున్నవాళ్లు జమీలూ కొన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన యాకోబ్ డి గ్రాఫ్ 1610లో జౌట్-పోల్స్‌బ్రూక్ కొని, దాని ప్రభువునని పిలిపించుకున్నాడు. వంశచిహ్నాల మోజు మన తీరానికీ చేరింది. మచిలీపట్నంలోని డచ్చి సమాధుల రాళ్ల మీద వంశచిహ్నాలు ఇప్పటికీ ఉన్నాయి.

1795లో డచ్చి దేశంలో వచ్చిన విప్లవం మనుషులంతా సమానమని చాటింది. చర్చిగోడల మీది వంశచిహ్నాల పలకలను దించారు, రాతి డాళ్లను ఉలితో చెక్కేశారు. పుస్తకాల్లో, పటాల్లో ఉన్నవి మాత్రం ఎన్నో మిగిలాయి. చెరిపేసిన డాలు అచ్చులో దొరికితే, అది ఏ రంగుదో గీతలను బట్టి నేటికీ చెప్పవచ్చు.